కల్పన ఇచ్చిన ఆరు నెలల స్టేట్‌మెంటు

2022వ సంవత్సరం, ఆడి మాసం, అంటే తమిళుల ఆషాఢం. కోయంబత్తూరు గాంధీపురంలో, బస్‌స్టాండుకు రెండు వీధుల అవతల, కుట్టుమిషన్లు రిపేరు చేసే అంగడి మీద నా ఆఫీసు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక టేబులు, నాలుగు కుర్చీలు, ఒక ఇనుప బీరువా, అద్దె ఇళ్ల తాళాలు తగిలించిన ఒక చెక్క. ఇళ్లు చూపించి అద్దెకు కుదర్చడం నా పని. అప్పటికి పదిహేడేళ్లుగా చేస్తున్నాను. వీధిలో అందరూ నన్ను బ్రోకరక్క అనే పిలుస్తారు. రాజేశ్వరి అని నాకొక పేరున్నట్టు మా ఆయనకైనా గుర్తుందో లేదో.

మాది అన్నూరు పక్క పల్లె. పత్తి, జొన్న పండించుకునే తెలుగు కుటుంబాలు. మా పెద్దలు ఇక్కడికి ఎప్పుడొచ్చారో, ఎందుకొచ్చారో ఒక్కో ముసలాయన ఒక్కో కథ చెబుతాడు. బడిలో తమిళం, బ్యాంకులో ఇంగ్లీషు, పొయ్యి దగ్గర తెలుగు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నదే పెళ్లయ్యాక. అందుకే బజారులో ఎవరైనా మా తెలుగు మాట్లాడితే చాలు, మాకు ప్రాణం లేచొస్తుంది. వెంటనే ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు మా కార్డుల్లో ఉండదు, సంతకాల్లో ఉండదు, మాలో మాకే తెలుస్తుంది. అది చెబితే ఎవరు ఎవరికి ఏమవుతారో అరనిమిషంలో తేలిపోతుంది. వరస కలిసిందంటే ఇక ఆ మనిషి పరాయివాడు కాదు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అద్దెకొచ్చేవాళ్లను అడిగే ప్రశ్నలు మూడే. ఎక్కడ పని, ఎంతమంది ఉంటారు, నీళ్లు ఎక్కువ వాడతారా. కరోనా తర్వాత ఆ రోజులు పోయాయి. అద్దెలు ఆగిపోయి ఇళ్ల ఓనర్లు బెదిరిపోయారు. మొదట శాలరీ స్లిప్, అంటే జీతం చీటీ అడిగారు. తర్వాత కంపెనీ లెటరు. ఆ తర్వాత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు. మన ఖాతాలోకి ఏ తేదీన ఎవరి దగ్గర నుంచి ఎంత వచ్చింది, ఎవరికి ఎంత పోయింది అని వరసగా బ్యాంకు ఇచ్చే జాబితా అది. నేను వీటన్నిటికీ ఒక ఫైలు తయారుచేశాను. అద్దెకొచ్చేవాళ్ల పేగులు లెక్కపెట్టే ఫైలు. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది. మిగతా బ్రోకర్లు నోటిమాట మీద నడిపిస్తారు, నేను కాగితం మీద నడిపిస్తాను అని నలుగురిలో చెప్పుకునేదాన్ని.

ఆడి మాసంలో మా వైపు ఎవరూ ఇల్లు మారరు. ఆ నెలంతా నాకు ఈగలు తోలుకోవడమే పని. అలాంటి నెలలో ఒక మంగళవారం పొద్దున ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. వెంట ఆరేళ్ల ఆడపిల్ల. సింగానల్లూరు వైపు పంపులు తయారుచేసే ఒక కంపెనీలో స్టోర్స్ చూసుకుంటున్నానని, ఇన్నాళ్లూ స్నేహితురాలి ఇంట్లో ఉన్నామని, ఆమెకు పెళ్లి కుదిరిందని, వెంటనే ఇల్లు కావాలని తమిళంలో చెప్పింది. పేరు కల్పన.

"ఆడిలో మారతారా?" అన్నాను.

"మాకు ఏ నెలయినా ఒకటేనండీ."

ఆ మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఆడిలో ఇల్లు మారేవాళ్లు ఇష్టపడి మారరు. కానీ ఖాళీ నెలలో వచ్చిన బేరం కదా, నేను అప్పటికే ఫారం తీసి టేబులు మీద పెట్టాను.

పీలమేడులో రామసామి మామ ఇంటి మేడ భాగం ఖాళీగా ఉంది. మామ మా తెలుగువాడే. మిల్లులకు స్పేర్‌పార్టులు అమ్మి రిటైరైన మనిషి. "ఈ కాలంలో మొఖం చూసి ఇల్లిస్తే మనం మొఖం చూపించుకోలేము రాజీ. ఆరు నెలల స్టేట్‌మెంటు కట్టాయం. నా ఫోనుకు పంపిచ్చు, నేను కూడా చూడాల" అని ముందే చెప్పి పెట్టాడు. కట్టాయం అంటే తప్పనిసరి అని.

కల్పన జీతం చీటీ ఇచ్చింది. కంపెనీ లెటరు ఇచ్చింది. స్టేట్‌మెంటు అనేసరికి చేతిసంచిని ఒళ్లోకి లాక్కుంది.

"జీతం ఎంతో చీటీలో ఉంది కదండీ. అది చాలదా?"

"జీతం వస్తే చాలదమ్మా, నిలుస్తుందా లేదా చూడాలి."

"కొన్ని వరసలు నల్లగా కొట్టేసి ఇవ్వనా? జీతం పడినవి మాత్రం ఉంచుతాను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాను. పైకి కూడా కొంచెం కటువుగానే అన్నాను. "దాచాల్సినవి ఏమున్నాయమ్మా అందులో? కొట్టేసిన కాగితం ఓనరు తీసుకోడు."

ఆమె చేతిసంచి సగం తెరిచింది. "ఎవరెవరు చూస్తారు?" అని అడిగింది.

"నేనూ, ఇంటాయనా. మూడో కంటికి తెలియదు."

ఆ మాట నేనే అన్నాను. ఇప్పటికీ వేళ కాని వేళ ఆ మాటే చెవిలో వినిపిస్తుంది. ఆమె కాగితాలు తీసి టేబులు మీద పెట్టింది, చేయి మాత్రం కొంచెంసేపు వాటి మీదే ఉంచింది. అప్పుడే ఆ పిల్ల కొంగు లాగి, "అమ్మా, దప్పి అవుతాంది" అంది.

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. "అయ్యో, మనవాండ్లేనా! ఇంతసేపు నాతో అరవంలో మాట్లాడించినావే తల్లీ! ఇంటిపేరేమి?"

తెలుగు వినగానే మా వాళ్ల ముఖం విప్పారుతుంది. ఈమె ముఖం పాలిపోయింది. అప్పుడు నాకది పొగరు అనిపించింది. నేను వదలకుండా మళ్లీ అడిగాను. చివరికి, "దొండపాటి" అంది మెల్లగా.

"పుట్టినింటిదా, చేరినింటిదా?"

"పుట్టినింటిదే. మిగతాది అడగవద్దక్కా" అంది, తమిళంలోనే.

పాపం, మొగుడు పోయినట్టున్నాడు అనుకుని నోరు మూసుకున్నాను. ఆ ఇంటిపేరువాళ్లు దిండిగల్ వైపే ఎక్కువ కాబట్టి, అలవాటు కొద్దీ ఫైలు అట్ట లోపల మూలన పెన్సిలుతో రాసుకున్నాను: దొండపాటి, పుట్టినిల్లు, దిండిగల్ వైపు. పిల్లకు నీళ్లిచ్చాను. పిల్ల పేరు మిత్ర, ఒకటో తరగతి. స్టేట్‌మెంటు ఫోటోలు తీసి మామకు పంపాను. నాలుగు రోజుల్లో వాళ్లు ఇంట్లో చేరిపోయారు. నా బ్రోకరేజి, అంటే ఇల్లు కుదిర్చినందుకు నాకు రావాల్సింది, ఫోనులోనే వేసింది. ఫైలు బీరువాలో చేరింది. మంచి బేరం, మంచి మనిషి అనుకున్నాను.

సెప్టెంబరు మధ్యలో ఒక బుధవారం, పొద్దున పదకొండింటికి, తలుపు దగ్గర ఒకాయన నిలబడి చెప్పులు విప్పాడు. నా ఆఫీసుకు ఎవరూ చెప్పులు విప్పి రారు. తెల్ల చొక్కా, నుదుట సన్నని విభూతి, చేతిలో పళ్ల సంచి.

"అక్కా, బాగుండారా?" అన్నాడు. అచ్చమైన మా తెలుగు. మా అవ్వ మాట్లాడినట్టే ఉంది.

ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. కల్పన, ఒళ్లో మిత్ర. "నా తోడబుట్టింది అక్కా. అమ్మతో గొడవ పెట్టుకోని వచ్చేసింది. ఫోను ఎత్తదు. అమ్మకు పానం బాగలేదు. అడ్రసు వద్దు, ఏమీ వద్దు. తనంతట తను వచ్చేటప్పుడు వస్తది. ఇద్దరూ కడుపునిండా తింటా ఉండారా, అది తెలిస్తే చాలు."

అడ్రసు వద్దన్నాడు చూడండి, అక్కడే నేను కరిగిపోయాను. అడ్రసు అడిగి ఉంటే నా బ్రోకరు బుద్ధి మేలుకునేది. మామూలుగా నేను అడిగే మొదటి మాటే అడిగాను.

"మీ ఇంటిపేరేమప్పా?"

"చింతల, అక్కా."

"చింతలా! మా అమ్మ పుట్టినిల్లు చింతలవాండ్లే! అట్లయితే నువ్వు నాకు మరిది వరస గదప్పా!"

"సెరి వదినా. ఈ ఊళ్లో నాకొక ఇల్లు దొరికింది" అని నవ్వాడు.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. మా అమ్మమ్మ ఊరు, దిండిగల్ వైపు మాకు తెలిసిన పెళ్లిళ్లు, పోయినవాళ్లు, ఉన్నవాళ్లు, అన్నీ దొర్లాయి. మాటల్లోనే బీరువా తెరిచి కల్పన ఫైలు తీశాను. నా ఫైలు గొప్పతనం చూపించే అవకాశం కూడా కదా. స్టేట్‌మెంటు అతని వైపు తిప్పి, జీతం పడిన వరసల మీద వేలు పెట్టి చూపించాను. "చూడు, నెల తప్పకుండా పడతా ఉంది. నీ చెల్లెలు గట్టిది. అమ్మతో చెప్పు, భయపడవద్దని."

"అమ్మ మనసు చల్లబడతది వదినా" అన్నాడు. కళ్లు కాగితం మీదే ఉన్నాయి.

వరస కలిసిన మనిషికి కాఫీ అయినా ఇవ్వకుండా పంపిస్తే మా అమ్మ ఆత్మ నన్ను తిడుతుంది. ఫోను చేస్తే కింద టీ అంగడామె పైకి పంపుతుంది. కానీ పంచదార ఎంత, డికాక్షన్ ఎంత అని నేనే దగ్గరుండి చేయించాలని మెట్లు దిగాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను వచ్చేసరికి ఫైలు మూసి పక్కన పెట్టి ఉంది. అతను కాఫీ తాగాడు, పళ్లు నా టేబులు మీద పెట్టాడు, దండం పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫైలు బీరువాలో పెట్టబోయాను. దాని నాడా ముడి వేసి ఉంది. పూలజడకు కట్టే రిబ్బను ముడిలాగా, చక్కగా. నేను ఎప్పుడూ ఏ ఫైలు నాడా కట్టలేదు. నాకు అంత ఓపిక లేదు. మరిది పద్ధతిగల మనిషి అనుకుంటూనే ముడి విప్పాను. అట్ట తెరుచుకుంది. మూలన నా పెన్సిలు రాత కనిపించింది. దొండపాటి, పుట్టినిల్లు.

తోడబుట్టినవాడు కదా. ఆడపిల్ల పుట్టినింటి పేరు దొండపాటి అయితే అన్న కూడా దొండపాటే కావాలి. ఇతను చింతల అన్నాడు. అబద్ధం కూడా ఆడలేదు. నేను అడిగాను, అలవాటు కొద్దీ తన ఇంటిపేరు చెప్పేశాడు. మా అమ్మ పుట్టినిల్లు అని నేను గంతులేస్తూ ఉండిపోయాను. మా పల్లెలో పదేళ్ల పిల్లనడిగినా చెబుతుంది, ఇంటిపేరు వేరైనవాడు అన్న కాడు. ఇంటిపేరు వేరైతేనే పెళ్లి. పోయాడనుకున్న మొగుడు ఇతనే అయ్యుండాలి.

కూర్చున్నాను. అడ్రసు చెప్పలేదు కదా, ఏమీ కాదులే అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. తర్వాత స్టేట్‌మెంటు కళ్ల ముందు పెట్టుకుని చదివాను. నిజం చెబుతున్నాను, అప్పటిదాకా నేను ఏ స్టేట్‌మెంటునూ చదవలేదు. కుడి పక్కన మొత్తాలు చూసేదాన్ని, ఎడమ పక్కన పేర్లు ఎప్పుడూ చూడలేదు. జూన్‌లో బడి ఫీజు, బడి పేరుతో సహా. ప్రతి నెలా ఐదో తేదీన ఒక ఆటో ఆయన పేరు. వారంలో మూడు నాలుగు రోజులు ఒకే బేకరీ. కంపెనీ పేరు. పిల్లల డాక్టరు. ఒక ఆడమనిషి, పిల్ల, వాళ్లు రోజూ నడిచే దారి మొత్తం మూడు కాగితాల మీద ఉంది. ఇల్లొక్కటే లేదు. పిల్లను ఎత్తుకుపోవాలనుకునేవాడికి ఇంటితో పనేముంది?

అప్పుడు టైము రెండున్నర. కల్పనకు ఫోను చేశాను. స్విచాఫ్. ఆ కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేసి లోపలికి వెళ్లాలని ఫారం రాసేటప్పుడు తనే చెప్పింది. రామసామి మామకు చేశాను. "ఎనిమిదింటికే పొయినారు, ఇద్దరూ. ఏమైంది రాజీ?" అన్నాడు. కంపెనీ ఆఫీసుకు చేసి, స్టోర్స్ కల్పనను బిడ్డ బడికి వెంటనే రమ్మనండి, అర్జెంటు అని చెప్పాను. మీరెవరని అడిగారు. బంధువునన్నాను. స్టేట్‌మెంటు చేతిలో పట్టుకుని మెట్లు దిగి ఆటో ఎక్కాను. బడి ఎక్కడో నాకు తెలియదు. ఆ కాగితంలో ఉన్న పేరే డ్రైవరుకు చెప్పాను. ఆ తెల్లచొక్కా మనిషికి దారి చూపించిన కాగితమే నాకూ దారి చూపిస్తోంది.

ప్రతి సిగ్నలు దగ్గరా డ్రైవరును తొందరపెట్టాను. మిత్ర దప్పి అవుతాందన్న గొంతే వినపడుతోంది. దేవుడా, నేను చేరేదాకా గంట కొట్టనియ్యకు అని మొక్కుకున్నాను.

మూడుంపావుకు చేరాను. బడి గేటుకు ఎదురుగానే బేకరీ ఉంది. బయట బల్ల దగ్గర తెల్లచొక్కా నిలబడి ఉంది. చేతిలో కేకు పొట్లం. తప్పించుకుందామన్నా దారి లేదు, నన్ను అప్పటికే చూశాడు.

"వదినా! మీరేంది ఈడ?" అదే నవ్వు.

"నువ్వెందుకుండావు ఈడ?"

"బిడ్డకు కేకు కొన్నా. దానికి ఈ అంగడి కేకంటే ఇష్టం గదా." అది నా ఫైలులోంచి నేర్చుకున్న సంగతి. తర్వాత గొంతు తగ్గించాడు. నవ్వు మాత్రం పోలేదు. "ఇంటికి పొండి వదినా. ఇది మా ఇంటి సంగతి. మీ ఆఫీసు నాకు తెలుసు గదా, మళ్లీ వచ్చి మాట్లాడతా."

నేను ధైర్యవంతురాలిని కాను. అద్దె ఎగ్గొట్టేవాళ్ల మీద అరవడం వేరు, ఇది వేరు. రోడ్డు దాటి గేటు దగ్గరికి ఎలా వెళ్లానో నాకు గుర్తులేదు. వాచ్‌మన్ అడ్డుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్‌ను చూడాలని గట్టిగా కేకలు పెట్టాను. నా కేకలు భరించలేక లోపలికి వదిలారు.

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఒకటో తరగతి మిత్ర మీకేమవుతుంది?"

"ఏమీ కాదమ్మా. వాళ్లకు ఇల్లు కుదిర్చిన బ్రోకరును. ఇవాళ ఆ బిడ్డను బయటికి పంపొద్దు. బయట ఒకడున్నాడు."

"మీకెలా తెలుసు ఈ బడి అని?"

నేను చేతిలో కాగితం టేబులు మీద పెట్టాను. ఆమె దాన్ని చూసింది. నావైపు చూసింది. "ఒక తల్లి బ్యాంకు కాగితాలు మీ దగ్గర ఎందుకున్నాయి?" అంది.

పదిహేడేళ్ల వృత్తిలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. ఓనరు అడిగాడని చెప్పబోయాను. దానికి బదులు, "ముందు బిడ్డను లోపల కూర్చోబెట్టండమ్మా" అన్నాను.

ఆమె మాత్రం మంచి మనిషి. గంట కొట్టకముందే మిత్రను తన గదిలోకి తెప్పించి కూర్చోబెట్టింది, మహిళా పోలీస్ స్టేషనుకు ఫోను చేసింది. మిత్ర నన్ను గుర్తుపట్టి, "నీళ్లవ్వ" అంది. గంట కొట్టారు. కిటికీలోంచి చూస్తే పిల్లలంతా వెళ్లిపోయినా తెల్లచొక్కా కదల్లేదు. పొట్లం పట్టుకుని గేటు వైపే చూస్తోంది.

కల్పన వెనక గేటు నుంచి వచ్చింది, యూనిఫాం కోటు కూడా విప్పకుండా. బిడ్డను చూసింది, గట్టిగా పట్టుకుంది. తర్వాత నావైపు తిరిగింది. అప్పటిదాకా నాతో తమిళమే మాట్లాడిన మనిషి మొదటిసారి తెలుగులో నోరు తెరిచింది.

"ఎవరెవరు చూస్తారని అడిగితి గదక్కా."

ఆమె బిడ్డ చెవులు రెండు చేతులతో మూసింది.

"పోయిన సారి దీని నాయన మమ్మల్ని కనుక్కున్నప్పుడు బిడ్డను నాలుగు దినాలు నాకు చూపించలే. యాడ పెట్టినాడో ఇంకా తెలీదు. ఇది కూడా చెప్పదు. ఆ నాలుగు దినాల మాట ఎత్తితే బల్ల కింద దూరుకుంటది."

ఆమె ఏడవలేదు. ఏడ్చినా తిట్టినా నాకు కొంచెం తేలికయ్యేది. పోలీసులు వచ్చి అతన్ని స్టేషనుకు తీసుకువెళ్లారు. మళ్లీ ఈ దిక్కుకు రానని ఒక కాగితం రాయించుకుని మర్నాడు పొద్దునే వదిలేశారు. నా టేబులు మీద పళ్లు అలాగే ఉన్నాయి. వాటిని ముట్టుకోవడానికి కూడా భయమేసి కాగితంతో పట్టుకుని చెత్తబుట్టలో వేశాను. తర్వాత స్టేషనులో చెప్పారు, అతను గాంధీపురంలో అంతకుముందు నలుగురు బ్రోకర్ల ఆఫీసులు ఎక్కాడట. వాళ్లలో ఒక్కరు కూడా ఫైలు తీయలేదట. వాళ్లకు అతను పరాయివాడు మరి.

నాలుగో రోజు కల్పన ఇల్లు ఖాళీ చేసింది. ఎక్కడికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. వెళ్లేముందు ఆఫీసుకు వచ్చి ఫైలు అడిగింది. ఇచ్చాను. ఒక్కో కాగితం లెక్కపెట్టుకుంది.

"జిరాక్స్ ఉందా?"

"లేదు."

"ఫోనులో?"

ఆమె కళ్ల ముందే ఫోటోలన్నీ తీసేశాను. "ఇంటాయన ఫోనులో?" అంది. అక్కడి నుంచే మామకు ఫోను చేశాను. ఆయన తడబడ్డాడు. "నా దాంట్లో తీసేస్తా రాజీ. కానీ ఆ పొద్దు మా కొడుకు అభిప్రాయం అడుగుదామని వానికి పంపితి. వాడు మా కోడలికి పంపినట్టుండాడు."

స్పీకరులో ఆ మాటలన్నీ కల్పన విన్నది. సరే అన్నట్టు తలూపి, పిల్ల చేయి పట్టుకుని మెట్లు దిగింది.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. జీతం చీటీ చూస్తాను, చూసి అక్కడే తిరిగి ఇచ్చేస్తాను. కంపెనీకి ఒక ఫోను చేసి, ఈ మనిషి మీ దగ్గర పనిచేస్తున్నారా లేదా అని అడుగుతాను. స్టేట్‌మెంటు అడగను. ఎవరైనా ఓనరు పట్టుబడితే, జీతం వరసలు తప్ప మిగతావన్నీ నల్లగా కొట్టేసి తెమ్మని నేనే చెబుతాను. ఆ నల్ల ఇంకు పెన్ను కూడా నా టేబులు మీదే పెట్టాను. రామసామి మామతో సహా కొందరు ఓనర్లు వేరే బ్రోకర్ల దగ్గరికి పోయారు. పోనీ. కట్టగలరా లేదా తెలుసుకోవడం మన పని. ఎక్కడ కేకు కొంటారో తెలుసుకోవడం మన పని కాదు. బీరువాలో ఉన్న పాత ఫైళ్లన్నీ ఇద్దరం, నేనూ మా ఆయనా కూర్చుని చించాం. చింపుతుంటే ఎంతమంది బతుకులు ఇంతకాలం ఒక తాళం లేని బీరువాలో పెట్టానో అర్థమైంది.

అయినా భయం నన్ను వదల్లేదు. మెట్ల మీద చెప్పులు విప్పిన చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ లేచి తలుపు గడియ వేస్తాను.

మరుసటి సంవత్సరం, ఎండాకాలంలో, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. మగగొంతు. తమిళంలో మొదలుపెట్టాడు. మదురై నుంచి మాట్లాడుతున్నాను, ఇళ్లు కుదర్చడం నా పని, కల్పన అనే ఆమె ఇల్లు అడుగుతోంది, ఆమె బ్యాంకు స్టేట్‌మెంటులో బ్రోకరేజి కట్టినట్టు మీ పేరు, ఫోను నంబరు కనిపించాయి, మనిషి ఎలాంటిదో చెబుతారా అన్నాడు.

"స్టేట్‌మెంటు ఎన్ని నెలలది తీసుకున్నారు?" అని అడిగాను.

"పన్నెండు నెలలదండీ. ఓనరు కట్టాయం అన్నాడు."

నా తమిళంలో మా యాస పట్టేసినట్టున్నాడు. గొంతు మెత్తగా చేసి, తెలుగులోకి మారాడు. "అక్కా, మీరూ మనవాండ్లేనా? ఇంటిపేరేమి?"

నిజంగా మదురై బ్రోకరేనా? నాలాంటి మంచివాడే, నాలాంటి తెలివితక్కువవాడేనా? లేక తెల్లచొక్కా పంపిన మనిషా? నేను మంచిమాట చెబితే ఆ తల్లీబిడ్డలకు ఇల్లు దొరకవచ్చు. అదే మాటతో ఆమె మదురైలో ఉందని ఎవరికో రూఢి కావచ్చు. నా ముందు ఒక గొంతు తప్ప ఏమీ లేదు. మా అవ్వ మాట్లాడినట్టే ఉంది.

"కల్పన ఎవరో నాకు తెలీదు" అన్నాను తమిళంలో. "మీ దగ్గరున్న కాగితాలు ఆమెకే తిరిగి ఇచ్చెయ్యండి." అని ఫోను పెట్టేశాను.

ఆ రోజు నేను ఆమెను కాపాడానో, ఆమెకు రావాల్సిన ఇల్లు పోగొట్టానో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఇంత వయసొచ్చాక ఎదుటివాళ్ల గురించి తెలియకుండా ఉండటం నేర్చుకున్నాను. ఆ పాఠానికి మూల్యం మాత్రం నేను కట్టలేదు. ఎక్కడున్నారో గానీ, ఆ తల్లీబిడ్డలే కడుతున్నారు.